మధ్యగోడకి అవతలి వైపు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. దీన్ని గుండెల మీద పెట్టుకునే ఇన్నేళ్లూ వంట చేశాను, పూజ చేశాను, పెళ్లిళ్లకి వెళ్లాను, నలుగురిలో నవ్వాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒక మనిషి బతుకుని దగ్గరుండి చెడగొట్టాను. చెయ్యి ఎత్తలేదు. గొంతు పెంచలేదు. నా ఇంటి గోడ బాగుచేయించుకున్నాను, అంతే.

మాది రామచంద్రపురానికి దగ్గరలో కాలువ పక్కనున్న ఊరు. ఇల్లు మామగారి తాతగారు కట్టించిన పెంకుటిల్లు. ఇటుక, గానుగ సున్నం, పైన టేకు దూలాలు. మామగారు పోయాక, ఇంటి నడుమ ఉన్న లావుపాటి గోడనే సరిహద్దు అనుకుని అన్నదమ్ములిద్దరూ చెరిసగం తీసుకున్నారు. కాలువ వైపు సగం మాకు వచ్చింది. వెనక సగం మా మరిదికి. గాలి కాలువ మీదుగా వస్తుంది. మా చూరు కింద దూరి, మధ్యగోడ పైభాగంలో పెద్దవాళ్లు వదిలిన కంతల్లోంచి వాళ్ల గదుల్లోకి వెళ్లేది. నడివేసవిలో కూడా వాళ్లింట్లో మధ్యాహ్నం పడుకోగలిగేవాళ్లంటే ఆ కంతల వల్లే.

మా మరిది భార్య పేరు సుభద్ర. అసలు పేరు కాదు లెండి. నాకంటే బాగా చిన్నది, కోరుకొండ పిల్ల. నెమ్మదస్తురాలు. నన్ను అక్కా అని పిలిచి, మీరు అనేది. నాతో ఒక్కనాడూ ఎదురు మాట్లాడలేదు. మరి ఆవిడ మీద నాకెందుకంత కడుపుమంట? నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. పెద్ద కారణం ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికైనా పనికొచ్చేది. లేదు. అత్తగారు వాళ్ల భాగంలో ఉండేవారు. సాయంత్రం పూట మా అరుగు మీదికొచ్చి కూర్చుని, సుభద్ర కాళ్లకి నూనె రాసిందనీ, సుభద్ర చేతి ముద్దపప్పు తింటే కడుపు చల్లగా ఉంటుందనీ చెప్పేవారు. నేను వింటూ చిక్కుడుకాయలకి ఈనెలు తీసేదాన్ని. అదీ కారణం. అంతకు మించి ఏమీ లేదు.

కాలువకి నీళ్లు వదిలితే మా వైపు పాత ఇళ్లన్నిటికీ ఒకటే జబ్బు. భూమిలోంచి చెమ్మ గోడలెక్కుతుంది. నడుమెత్తు దాకా సున్నం ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది, తెల్లగా ఉప్పు తేలుతుంది. బీరువా తెరిస్తే బూజు కంపు. మాకూ వాళ్లకీ సమానంగానే ఉండేది. ఒక వేసవిలో నేనింక పడలేనన్నాను. మా ఆయన నీ ఇష్టం అన్నారు. రాజమండ్రి నుంచి ఈ పనులు తెలిసిన మేస్త్రిని పిలిపించాను.

ఆయన గోడ తట్టి చూశారు, పెరడు చూశారు, పైకెక్కి అటక చూశారు. దిగొచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పారు. గోడ ఒక్కటే కాబట్టి, నా వైపు మందు కలిపిన సిమెంటుతో మూసేస్తే ఎక్కే నీళ్లు ఎక్కక మానవనీ, దారి లేక మొత్తం అవతలి వైపే తేలతాయనీ చెప్పారు. మరిదిగారితో మాట్లాడి రెండు వైపులా మళ్లీ గోడని ఆరనిచ్చే సున్నమే పూయించుకుని, పునాది పక్కన నీళ్లు పోయే దారి తవ్వించుకుంటే ఇద్దరికీ మంచిదన్నారు. నేను మా వైపు చూడండి చాలన్నాను. ఏసీ పెట్టడానికి పెంకుల కింద థర్మోకోల్ పలకలు వేయించి, పైకప్పు మూయించాను. కంతల్లో రెండైనా వదలమన్నారు. అన్నీ మూసేయమన్నాను.

ఇక్కడిదాకా నిర్లక్ష్యం అనుకోవచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని పడుకున్నాను. పెరట్లో కొత్తగా వేయించిన గచ్చు సంగతి గుర్తొస్తే మాత్రం ఆ మాట నిలబడదు. గచ్చు వాలు ఎటు పెట్టమంటారని మేస్త్రి అడిగారు. కాలువ వైపు పెడితే సరిపోయేది. నేను వేలు పెట్టి చూపించాను, వాళ్ల పునాది వైపు. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, పనివాళ్లకి అటే చూపించారు.

ఆ రోజుల్లో సుభద్ర కోరుకొండలో ఉంది, వాళ్ల నాన్నగారికి బాగోలేక. మరిది భీమవరం వైపు చేపల చెరువులు చేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. అత్తగారికి నేల బాగుచేయించి రంగు వేయిస్తున్నానని మాత్రం చెప్పాను. సుభద్ర ఊళ్లో లేని సమయం చూసే పని పెట్టుకున్నానా? అవును.

వానలు పడ్డాయి. మేస్త్రి చెప్పింది చెప్పినట్టు జరిగింది. నా వైపు గోడ అద్దంలా ఉంది. అవతలి వైపు చెమ్మ నడుము దాటింది, తల దాటింది. నల్లటి బూజు మంచం వెనకనుంచి పాకింది. గాలి లేక, ఫ్యాను తిరిగితే ఆ ఉక్కే గదంతా తిరిగేది. తువ్వాళ్లు ఆరేవి కావు. బియ్యం ముక్కిపోయేవి.

అత్తగారితో నేను ఎక్కువేమీ అనలేదు. ఒకే ఇల్లు కదా అత్తయ్యా, ఒకే గోడ కదా, మా వైపు వచ్చి చూడండి అన్నాను. ఆవిడ వచ్చి చూశారు. చెయ్యి పెట్టి చూశారు. తిరిగి వాళ్ల వైపు వెళ్లిపోయారు. ఆ మాట ఎంత నిజమో, ఎంత విషమో నాకు తెలుసు. అక్కడినుంచి అది దానంతటదే నడిచింది. సుభద్ర తడిబట్టలు గదిలో ఆరేస్తుందట, మూలలు ఊడవదట, పగలు తలుపులు తీయదట. పేరంటానికి వెళ్లినవాళ్లు పైట కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, తాంబూలం పుచ్చుకుని గుమ్మం దగ్గర్నుంచే వెనక్కొచ్చేవారు. మరిది ఇంటికొచ్చినప్పుడల్లా భార్యని అందరి ముందూ అడిగేవాడు, రోజంతా ఏం చేస్తుంటావని.

ఆవిడ ఏం చేస్తుండేదో నాకు వినపడేది. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిపి, కొబ్బరి పీచుతో గోడ తోమేది. మధ్యాహ్నాలు ఏసీ వేసుకుని పడుకుంటే ఆ పీచు చప్పుడు గోడలోంచి వచ్చేది. గర్, గర్ అని. మధ్యలో దగ్గు. మళ్లీ గర్, గర్. నిద్ర పట్టేది కాదని రాయాలనుంది. బాగానే పట్టేది.

ఒకరోజు నా వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. వేళ్లు పగిలి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. ఆ రోజు మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"అక్కా, మీ గోడకి ఏం చేయించారో నాక్కూడా చెప్పండి. ఆయన్ని అడిగి మేమూ చేయించుకుంటాం."

"నేనేం చేయించాను? రంగు వేయించాను, అంతే."

"మరి నా వైపే ఎందుకిలా అవుతోందంటారు?"

"ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలి సుభద్రా. రోజూ తుడుచుకోవాలి."

"తుడుస్తూనే ఉన్నానక్కా."

"ఇంకాస్త గట్టిగా తుడువు."

తల ఊపింది. సరేనక్కా అని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం పీచు చప్పుడు అంతకుముందు కంటే ఎక్కువసేపు వినపడింది. అప్పుడైనా లేచి వెళ్లి ఉండొచ్చు. గోడకి అవతల ఒక మనిషి, నేను చేసినదాన్ని తన చేతగానితనం అనుకుని, చేతులు కాల్చుకుంటూ తోముతోంది. నాకు ఎలా అనిపించింది? గెలిచినట్టు. ఇంతకంటే మర్యాదైన మాట కోసం చాలా వెతికాను, దొరకలేదు.

దగ్గు ముదిరింది. కాకినాడ తీసుకెళ్లారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయనీ, ఉండే గదిలో చెమ్మా బూజూ ఉన్నాయా అనీ డాక్టరు అడిగారట. ఆ ఒక్క ప్రశ్న ఆవిడని కాపాడాలి కదా. మరిది దాన్ని ఇంకోలా విన్నాడు. ఇంటికొచ్చి, నీ మురికే నీకు చుట్టుకుందన్నాడు. మా అరుగు మీద నిలబడే అన్నాడు. నేను లోపలికెళ్లి అందరికీ కాఫీ కలిపి తెచ్చాను. సుభద్రకి చక్కెర తక్కువ వేశాను, ఆవిడకి అలాగే ఇష్టమని.

తర్వాత వాళ్లు రాజమండ్రిలో మేడ మీద అద్దె ఇల్లు తీసుకుని వెళ్లిపోయారు. వెనక సగం మాకే ఇచ్చేశారు. అత్తగారు నా దగ్గరే ఉండిపోయారు. కోరుకున్నదే కదా. ఏసీ గాలి కీళ్లలో పట్టేస్తోందనేవారు. ముద్దపప్పు కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలనేవారు. ఆ పొడి గదిలోనే పోయారు.

వెనక సగం మా చేతికి వచ్చాక ఏం చేయించానో కూడా చెప్పాలి. నా వైపు సిమెంటు చెక్కించేశాను. రెండు వైపులా సున్నం పూయించాను. కంతలు తెరిపించాను. గచ్చు పగలగొట్టించి వాలు కాలువ వైపు తిప్పించాను, పునాది వెంట నీళ్లు పోయే దారి తవ్వించాను. కొత్త పనేమీ కాదు, ఆ మేస్త్రి మొదటిరోజు చెప్పినదే. రెండో వానాకాలానికి గోడ ఆరిపోయింది.

అత్తగారి తద్దినానికి సుభద్ర వచ్చింది, కూతురిని వెంటబెట్టుకుని. మనిషి సగమైంది. మందు పీల్చే గొట్టం చేతిసంచిలో ఉంది. భోజనాలకి ముందు తన పాత గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. గోడ మీద అరచెయ్యి ఆనించి, కిందనుంచి పైదాకా తడిమింది. తెలిసిపోయిందనుకున్నాను. ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"చూడు, ఇదే గోడ. నాకు చేతకాలేదు. పెద్దమ్మ చేతిలో పడగానే ఎలా ఆరిపోయిందో. పెద్దమ్మని చూసి నేర్చుకో."

అప్పుడు నోరు తెరవాలి. అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. గారెలు చల్లారిపోతున్నాయి, రండి అన్నాను. ఇంకొకటి కూడా రాయాలి. ఆ పొగడ్త నాకు హాయిగా తగిలింది. ఆ హాయి పోయాకే భయం వచ్చింది, నా మీద నాకు.

ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. అద్దె ఇంట్లో చెమ్మ లేకపోయినా గోడలు తోముతూనే ఉంటుందని కూతురు చెప్పింది, వద్దంటే వినదట. ఒక్క మాట చెబితే ఆ చేతులు ఆగుతాయేమో. ఎందుకు చెప్పను? ఊళ్లో పరువు పోతుందనా? మరిది మొహం చూడలేననా? అవి పైపైన చెప్పుకునేవి. ఆవిడ నన్ను అక్కా అనడం మానేస్తుంది. అది నాకు కావాలి. ఇంత చేసి, అది కూడా నాకే కావాలి.

నన్ను క్షమించమని మీకు రాయడం లేదు. క్షమించాల్సిన మనిషికి తెలియదు. తెలియనివ్వను కూడా, నన్ను నేను ఎరుగుదును. మీకు మాత్రం తెలియాలి. ఆ చెమ్మ సుభద్ర వల్ల రాలేదు. నేను పంపాను. తెలిసే పంపాను.

రాసేశాక కొంచెం ఊపిరి ఆడుతున్నట్టుంది. కిటికీ తెరిచి కాసేపు కూర్చున్నాను, కాలువ గాలి బాగుంది. సుభద్ర మాత్రం రాజమండ్రిలో ఆ మేడమెట్లు ఎక్కాలంటే, ఇప్పటికీ మధ్యలో ఆగి కమ్మీ పట్టుకుని నిలబడుతుందట.