లాకు అనే మాటకి నాలుగో అర్థం

మా చిన్నప్పుడు... కాలవ కొత్త. గట్ల మీద గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. గోదారికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వించి, మా కొత్తపేట వైపు మా ఊరికి కోసెడు దిగువన ఓ లాకు కట్టించేరు దొరలు. ఆ లాకు తలుపులు తీసి వేసే లస్కరు ఉద్యోగం మా నాన్నది.

మధ్యాహ్నం తరవాణి ముంతా, మాగాయ ముక్కా నాన్నకి పట్టుకెళ్ళడం నా పని. వెళ్ళేనంటే ఇంక ఇంటికి రాబుద్ధయ్యేది కాదు... దిగువ నించి వచ్చిన పడవ రెండు జతల తలుపుల మధ్య ఆగేది. వెనక తలుపులు మూసి ముందు నించి నీళ్ళు వదిలితే, పడవ లేస్తున్నట్టు తెలీకుండానే లేచేది. గట్టు మీద కూర్చున్న నాకు ముందు తలపాగా కనబడేది... తర్వాత మొహం... ఆ తర్వాత కొబ్బరికాయల రాశి. కళ్ళు తెరుచుకునే కల కంటున్నట్టుండేది.

లాకు పక్కనే, ఆ పనులు చూసే దొరగారి గది. ఓ రోజు నేను వింతగా చూస్తుంటే, ఆయన ఇత్తడి తాళంకప్ప ఎత్తి చూపించి "లాక్" అన్నారు. దాన్ని గొళ్ళేనికి తగిలించి టక్కున నొక్కి మళ్ళీ "లాక్" అన్నారు.

నాకు బుర్ర తిరిగింది. మనకి తాళం అంటే వస్తువు, వెయ్యడం అంటే పని. వీళ్ళకి రెంటికీ ఒక్క మాటేనా... పైగా కాలవ మీదిదీ లాకేనాయె.

నాన్నకి చెప్తే పకపకా నవ్వేరు. "ఆ కప్ప లాకేంటే పిచ్చిమొహమా, అందులోంచి పడవ పోతుందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు.

శ్రావణ మాసం వచ్చింది. రాజోలు వైపు ఇచ్చిన మా అక్కకి తొలి కానుపు. వరదకి భయపడి పుట్టింటికి పంపడం ఆలస్యం చేసేరు అత్తవారు. ఇవాళో రేపో పడవలో వస్తుందని అమ్మ మంత్రసానికి కూడా చెప్పి ఉంచింది.

ఆ పొద్దున్నే దొరగారు ధవళేశ్వరం బయల్దేరేరు. మాట తిప్పి చెప్పే దుబాసీ ఆ వేళ లేడు. పడవ కదిలేక ఏదో గుర్తొచ్చి, ఇటు చెయ్యి చూపిస్తూ "లాక్, లాక్" అని కేకేసేరట. "ఆయ్, దొరగారూ" అన్నారు నాన్న. చెయ్యి చూపించిన వైపు గదీ ఉంది, కాలవ లాకూ ఉంది. నాన్నకి తెలిసిన లాకు ఒక్కటే... కొత్తగా కట్టిన లాకుకి ఏం తేడా వచ్చిందో అనుకుని, తలుపులన్నీ మూసి గొలుసు బిగించేసేరు.

నేను తరవాణి పట్టుకెళ్ళేసరికి దిగువన అక్క పడవ ఆగి ఉంది. బావగారు ముందు నిలబడి బతిమాలుతున్నారు.

"మావగారూ, తలుపులు తియ్యండి. మీ అమ్మాయికి నెప్పులొచ్చేయండీ."

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎగువన ఇంకో పడవ లేదు. వానకి గట్టంతా మోకాల్లోతు బురద, మోసుకెళ్ళే దారి కాదు. అమ్మా, మంత్రసానీ కోసెడు దూరంలో ఉన్నారు. చెప్పిన మాట వినలేదనే నాన్న కంటే ముందు పనిచేసిన లస్కరుని దొరగారు తీసేసేరు. ఈ జీతం పోతే మాకు పూట గడవదు... పడవలోంచి అక్క "అమ్మా" అని మూలిగింది.

అప్పుడు చూసేను దొరగారి గది వైపు. గొళ్ళేనికి ఆ ఇత్తడి కప్ప నోరు తెరుచుకుని వేలాడుతోంది.

"నాన్నా, దొరగారు చెప్పింది ఆ లాకు. ఆ లాకుని లాకు చెయ్యమన్నారు."

ఈసారి నాన్న నవ్వలేదు. కప్ప వైపు చూసేరు, పడవ వైపు చూసేరు.

"నిజమేనటే?"

"ఒట్టు నాన్నా" అన్నాను. చెప్పొద్దూ, నాకూ అంత నమ్మకం లేదు.

నాన్న గది దాకా వెళ్ళి కప్ప నొక్కేరు. టక్. తిరిగొచ్చి గొలుసు విప్పి, తలుపు దూలానికి భుజం ఆనించి తోసేరు.

పడవ లోపలికొచ్చింది. నీళ్ళు నిండుతున్నాయి... ముందు బావగారి తలపాగా... తర్వాత పడవ అంచు గట్టిగా పట్టుకున్న అక్క చెయ్యి... దాని ఆకుపచ్చ గాజులు... చెమట పట్టిన మొహం. నన్ను చూసి నవ్వబోయింది, పాపం. ఆ నీళ్ళంత నెమ్మదిగా నా జన్మలో ఇంకేదీ కదల్లేదు.

దీపాలు పెట్టే వేళకి అమ్మ చేతుల్లో ఆడపిల్ల పుట్టింది.

దొరగారు తిరిగొచ్చేదాకా మూడు రోజులు నాన్నకి ముద్ద దిగలేదు. ఆయన వస్తూనే గది దగ్గరికెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి కప్ప తెరిచి, నాన్న వైపు చూసి బాగుందన్నట్టు తలూపేరు. అంతే. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఏమే దొరసానీ, ఆ మాట మళ్ళీ చెప్పు" అన్నారు.

బారసాలలో పిల్లకి రత్తమ్మ అని పెట్టేరు. నాన్న మాత్రం లాకమ్మ అనే పిలిచేరు. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది.

ఇప్పుడు నేను చెప్తుంటే ఇదంతా కాయితం మీద పెడుతున్నది నా మనవరాలు. బళ్ళో ఇంగ్లీషు చదువుతోంది. "మామ్మా, వస్తువైతే నామవాచకం, పనైతే క్రియ" అని నాకే పాఠం చెప్తోంది. చెప్పనీండి. పడవ ఎక్కేవాళ్ళకి కూడా ఇప్పుడు తొందరే గానీ, లాకులో లేవడం చూసే తీరిక ఎవరికుంది...

కాలవ మీదిది లాకు, తలుపు మీదిది లాకు, చేసే పనీ లాకే. నాలుగో అర్థం మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. మీ ఇళ్ళల్లోనూ అలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది కదండీ... ఉంటే నాక్కూడా చెప్పండి, వినాలనుంది.

మా లాకమ్మకి యాభై దాటేయి. ఊరంతా రత్తమ్మగారంటారు. నాన్న పోయేరు, అక్కా పోయింది. లాకమ్మా అని పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలేను... నా తర్వాత ఆ మాటకి మళ్ళీ మూడర్థాలే.