లివర్‌కు ఉపవాసం లేదు

హారతి కర్పూరం వాసన తగిలితే అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకు సరోజిని డాక్టరమ్మ గుర్తొస్తారు. ఈ ఉదయం దుమ్ముగూడెం బస్సులో డ్రైవరు దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించగానే నా కళ్లు చెమర్చాయి. భద్రాచలంలో ఆమె నడిపిన చిన్న ఆసుపత్రిలోనే నేను నర్సు పని నేర్చుకున్నాను. ఓపిక కూడా అక్కడే నేర్చుకోవాల్సింది, అది మాత్రం నాకింకా పూర్తిగా రాలేదు.

మాది బూర్గంపాడు. నాన్న మిరపతోటలో ఎండి కట్టెపుల్లలా ఉండేవాడు. అలాంటి మనిషికి గుండె రక్తనాళం పూడుకుపోయి, ఖమ్మంలో స్టెంటు వేయించాల్సి వచ్చింది. ఆపైన రోజూ కొలెస్ట్రాల్ గోలీ వేసుకోవాలి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోగానే దాన్ని ఆపేశాడు.

"మాంసం లేదు, గుడ్డు లేదు, ఒంటిపూట బువ్వ. ఇగ కొవ్వు యాడికెళ్లి వస్తది? దీక్షల ఉన్నోనికి గోలీ ఎందుకు బిడ్డా?" అన్నాడు.

మళ్లీ నొప్పి వస్తే ఈసారి ఖమ్మం దాకా చేరతాడో లేదోనని నా భయం. నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. చివరికి అమ్మే బతిమాలి ఆసుపత్రికి తీసుకొచ్చింది.

నల్ల బట్టల్లో, ఉత్త కాళ్లతో వచ్చిన నాన్నను చూసి డాక్టరమ్మ లేచి, చెప్పులు పక్కన విడిచి, చేతులు జోడించారు. వయసులో ఆయనకన్నా పెద్దావిడ.

"కూర్చోండి స్వామీ. ఉపవాసం మీకే గానీ మీ లివర్‌కు లేదు. ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువగా తయారుచేసేది అదే."

"చెడ్డదాన్ని ఎందుకు చేస్తది మాతా?"

"చెడ్డది కాదు. ప్రతి కణం చుట్టూ ఉండే పొరకూ అది కావాలి, తిన్నది అరిగించే పైత్యరసానికీ కావాలి. కొవ్వు రక్తంలో కరగదు కాబట్టి మూటలు కట్టుకుని తిరుగుతది. ఒక రకం మూటలు దాన్ని ఒళ్లంతా చేరవేస్తయి. ఇంకో రకం, మిగిలింది వెనక్కి లివర్‌కు తెస్తయి. మోసుకుపోయేవి మరీ ఎక్కువైతే ఆ కొవ్వు రక్తనాళం గోడల్లో పేరుకుంటది. బక్కగా ఉన్నవాళ్లకూ అంతే. గోలీ ఆ తయారీని తగ్గిస్తది స్వామీ."

నాన్న మాల పూసలు తడుముతూ కూర్చున్నాడు. "మరి నియమం తప్పినట్టు గాదా?"

"నియమంలోనే కలుపుకోండి. సాయంత్రం హారతయ్యాక వేసుకోండి."

"అవ్ మాతా, గట్లయితే వేసుకుంట."

ఆ రోజు నుంచి అమ్మ హారతి పళ్లెంలో కర్పూరం పక్కనే గోలీ పెట్టేది. మాల తీశాక కూడా ఆ అలవాటు పోలేదు.

పోయినేడు డాక్టరమ్మ కన్నుమూశారు. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు, గోలీ మాత్రం వేసుకున్నాడు. "ఇది గూడ ఆపితే ఆమె మాట పోతది బిడ్డా" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు నా దగ్గరికొచ్చి ఎవరైనా "గోలీ బంద్ చేసిన సిస్టర్" అంటే కోపం నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, కుర్చీ జరిపి కూర్చోమంటాను. ఎందుకు ఆపారో పూర్తిగా వింటాను. డాక్టరమ్మ చూపిన ఆ కాస్త మర్యాదే మా నాన్నను నాకు మిగిల్చిందని వాళ్లకు తెలియదు.