రెండు మానికలు

మా ముత్తాత లక్ష్మీకాంతరావు చిలుకూరు చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద. ఆయన గుర్రం దిగితే గానీ ఊరి తగవులు తీర్చే కచేరీ మొదలయ్యేది కాదట. మా తాత రాఘవరావు కాలానికి గుర్రం పోయింది, కచేరీ అరుగు మిగిలింది. మా నాన్న కాలానికి ఆ అరుగు మీద కూర్చునే హక్కు తప్ప మాకు ఏమీ మిగల్లేదు. నా కాలానికి అరుగు కూడా వేరేవాళ్లది. ఇంటిపేరు రాయను. రాస్తే కోదాడలో చాలామందికి నేనెవరో తెలిసిపోతుంది. ఈ వంశం సంగతి మొదట ఎత్తుకున్నది గొప్ప కోసం కాదు. కాదా? కొంత గొప్ప కోసమే. ఒప్పుకోవడానికి కూర్చున్నవాడు మొదటి పేరాలోనే అబద్ధమాడకూడదు.

నా మీద ఒక బరువుంది. ఏళ్ల తరబడి మోస్తున్నాను. చెప్పుకుంటే కూరగాయల సంచి అంత బరువు. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ దొంగిలించలేదు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. రెండో మాట నిజం కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అంగట్లో ధర అడగకూడదు. ఇచ్చిన నోటుకు చిల్లర వెనక్కి తీసుకోకూడదు. తాత అంగడికి వెళ్తే కావలసినదాన్ని చేతికర్రతో చూపించేవాడు. జీతగాడు సంచిలో వేసుకునేవాడు. తాత జేబులోంచి ఒక నోటు తీసి ఇచ్చి, అమ్మేవాడి ముఖం కూడా చూడకుండా ముందుకు నడిచేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేను మిఠాయి కొని మిగిలిన పైసలు గుప్పిట్లో పెట్టుకుని వస్తే, నాన్న నన్ను వెనక్కి పంపాడు. పోయి ఇచ్చి రమ్మన్నాడు. మనం పుచ్చుకునేవాళ్లం కాము, ఇచ్చేవాళ్లం అన్నాడు. ఆ మాట నా వెన్నులో ఇనుప కడ్డీలా దిగింది. ఇప్పటికీ నేను వంగి నడవను.

పుచ్చుకునేవాళ్లం కాము అన్న ఆ ఇంట్లోనే రెండు మానికలు ఉండేవి. ధాన్యం కొలిచే ఇత్తడి పాత్రలు. పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. ఒకటి కౌలు ధాన్యం కొలిచి తీసుకోవడానికి. ఇంకొకటి కూలి గింజలు కొలిచి ఇవ్వడానికి. తీసుకునేది కాస్త పెద్దది. చిన్నప్పుడు నేను ఒకదాంట్లో నీళ్లు నింపి రెండోదాంట్లో పోసి ఆడుకుంటుంటే, నీళ్లు ఎందుకు పొర్లుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. అర్థమైన వయసులో, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరని కూడా అర్థమైంది.

పొలాలు పోయాక నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాను. కోదాడలో అద్దె ఇల్లు. రోజూ బస్సు. జీతం వారానికొకసారి, శనివారం సాయంత్రం. ఆ డబ్బు తెచ్చి నా భార్య వసుమతి చేతిలో పెట్టేవాణ్ణి. లెక్కలు చూడటం నాకు చిన్నతనం. మిల్లులో ఒకరి లెక్కలు రాయడమే చాలు అనుకునేవాణ్ణి.

వసుమతి సాగర్ ఎడమ కాలువ కింది పల్లెలో ఒక బడిపంతులు కూతురు. వారం గడపడం ఆమెకు పుట్టింటి విద్య. పాత పోపుల డబ్బా ఒకటి ఉండేది ఆమెకు. ఆవాలు, జీలకర్ర తీసేసి ఆ గిన్నెల్లో డబ్బు పెట్టేది. ఒక గిన్నె కిరాయికి. ఒకటి పాలకు. ఒకటి గ్యాస్‌కు. ఒకటి మా అమ్మాయి కాలేజీ బస్సుకు. ఒకటి ఆదివారం అంగడికి. నడిమి గిన్నె ఆమె కంటి మందుకు. ఏ గిన్నెలోది ఆ గిన్నెకే. ఇంగువ వాసన వేసే ఆ నోట్లను ఆమె వరసగా మడిచి పెడుతుంటే, నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సిగ్గు. మా నాయనమ్మ తాళం చెవుల గుత్తితో తిరిగిన ఇంటికి వచ్చిన కోడలు పోపు గిన్నెల్లో డబ్బు దాచుకుంటోందని. ఆ గిన్నెలే మమ్మల్ని నిలబెడుతున్నాయని తెలిసీ సిగ్గు.

ఆమెకు నీటికాసుల జబ్బు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తెలియకుండా హరించుకుపోయే జబ్బు. నొప్పి ఉండదు. సూర్యాపేటలో కంటి డాక్టరు మొదట్లోనే స్పష్టంగా చెప్పాడు. రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు ఉంటుంది, మానేస్తే పోయిన చూపు మళ్లీ రాదు అని.

ఇక అంగడి.

ఆదివారం నేనే వెళ్లేవాణ్ణి. మా ఇంటి ఆడవాళ్లు అంగడికి వెళ్లరని పెళ్లైన కొత్తలోనే వసుమతికి చెప్పాను. అక్కడ మా ఊరి మనుషులు కూరగాయలు తెచ్చి అమ్ముతారు. సైదమ్మ అని ఒకామె. ఆమె అత్త మా పొలాల్లో నాట్లు వేసింది. నన్ను దూరం నుంచి చూడగానే సైదమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడేది. "రాండ్రి దొరా" అనేది.

ఆ మాట మీరు ఎప్పుడైనా విన్నారా, మీ కోసం? వారమంతా మిల్లులో నన్ను "ఓ గుమాస్తా" అని పిలుస్తారు. నా కన్నా చిన్నవాడైన యజమాని కొడుకు "ఏంది పెద్దమనిషి, ఇంకా కాలేదా" అంటాడు. బస్సులో నిలబడి వస్తాను. ఆదివారం పొద్దున ఒక్క గంట నేను మళ్లీ రాఘవరావు మనవణ్ణి. ఆ గంటలో ధర ఎలా అడుగుతాను? నోటు ఇచ్చి, చిల్లర కోసం చెయ్యి ఎలా చాపుతాను? ఇవ్వబోతే వద్దన్నట్టు తల ఊపి ముందుకు నడిచేవాణ్ణి. మిరపకాయల దగ్గరా అంతే, ఆకుకూరల దగ్గరా అంతే. చివర హోటల్లో మా ఊరివాళ్లు ఎంతమంది ఉంటే అంతమందికి చాయ్ చెప్పేవాణ్ణి.

ఒకసారి నేను ఇంకా దగ్గరికి రాకముందే, మిరపకాయలమ్మే ఆమె సైదమ్మతో అనడం నా చెవిన పడింది.

"అగో, నీ దొర అస్తుండు. ఇయ్యాల నీ బస్సు కిరాయి ఎల్లింది తియ్యి."

"నీకు మాత్రం ఎల్లలేదా? మూసుకొని కూసో, ఇంటడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. విన్నాను. అయినా వెళ్లాను. సైదమ్మ లేచి నిలబడింది. "రాండ్రి దొరా" అంది. నోటు ఇచ్చాను. చిల్లర తీసుకోలేదు. నవ్వులాట అని తెలిశాక కూడా ఆ పిలుపు కొనుక్కున్నాను. ఏ డబ్బుతో? అంగడి గిన్నెలోని డబ్బుతో.

మొదటి అబద్ధం చాలా చిన్నది. ఒక ఆదివారం సంచి తేలికగా ఉంది. వసుమతి ఇంతే వచ్చాయా అని అడిగింది. చిల్లర వదిలేసి వచ్చానని చెప్పలేకపోయాను. ధరలు పెరిగాయి అన్నాను. ఆ తర్వాత ప్రతి వారం ధరలు పెంచవలసి వచ్చింది. కోదాడ అంగట్లో ఎవరికీ తెలియకుండా, మా వంటింటి గడప దాటే చోట, టమాటకు ఒక ధర, వంకాయకు ఒక ధర నేనే నిర్ణయించాను. పై వాటాలో ఉండే టీచరమ్మ ఒకసారి మాటల్లో టమాట చవకగా దొరికిందని చెప్పిందట. వసుమతి ఆ సంగతి నాతో అంటే, అవి పుచ్చులు అన్నాను. ఇరుగుపొరుగుతో కూరల ధరలు మాట్లాడటం మన ఇంటికి మర్యాద కాదని కూడా అన్నాను. ఆమె మళ్లీ ఎవరినీ అడగలేదు. నా అబద్ధానికి ఉన్న ఒక్క కిటికీనీ మర్యాద పేరుతో మూసేశాను.

ఫోన్‌తో డబ్బు కట్టడం వచ్చాక సైదమ్మ కూడా బుట్ట పక్కన ఆ గళ్ల కాగితం అట్టకు అంటించి పెట్టింది. ఫోన్‌తో కడితే ఎంతైతే అంతే. వదిలేయడానికి ఏమీ ఉండదు. అందుకని నాకు ఆ ఫోన్లు చేతకావని అందరితో అన్నాను. మిల్లు లెక్కలు సగం ఫోన్‌లోనే చూసేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఇక్కడ లేచి, పెరట్లోకి వెళ్లి, నీళ్లు తాగి వచ్చాను. దాహం లేదు.

ఒక శనివారం సాయంత్రం వసుమతి గిన్నెలు సర్దుతోంది. నేను పేపరు పైనుంచి చూస్తున్నాను. అంగడి గిన్నెలో పెట్టింది. కాసేపు ఆలోచించింది. నడిమి గిన్నెలోంచి ఒక నోటు తీసి అంగడి గిన్నెలో వేసింది. మూత పెట్టింది.

అంతే. నేను చూశాను. ఆ నోటు ఎక్కడికి వెళ్తుందో ఈ లోకంలో నాకు ఒక్కడికే తెలుసు. సైదమ్మ బస్సు కిరాయికి, హోటల్లో చాయ్‌కి, నా వెన్ను నిటారుగా ఉండటానికి. నోరు తెరిస్తే చాలు. వద్దు, ఆ గిన్నె ముట్టుకోకు అంటే చాలు. అలా అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. పేపరు తిప్పాను.

ఆ వారం నుంచి ఆమె చుక్కలు రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకా ఎడం పెరిగింది. సీసా ఎక్కువ రోజులు వస్తోందని నేను గమనించాను. మందు బాగా పని చేస్తోంది కాబోలు అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? మనిషి తనకు కావలసినది ఎంత సులువుగా అనుకోగలడు!

గడప తగిలి ఒకసారి పడింది. పాలు గ్లాసు పక్కన పోసింది. సూర్యాపేట తీసుకెళ్లాను. డాక్టరు ఎడమ కన్ను చూసి, చాలాసేపు చూసి, మందు మానేశారా అని అడిగాడు.

వసుమతి వెంటనే చెప్పింది. "మర్సిపోయిన సార్. పనుల్ల పడి మర్సిపోయిన."

పాల లెక్క, గ్యాసు తేదీ, కాలేజీ బస్సు కట్టే రోజు, ఒక్కటీ మరవని మనిషి. డాక్టరు ఆమెను మందలించాడు. చదువుకున్నట్టున్నారు, ఇంత నిర్లక్ష్యమా అన్నాడు. డబ్బు చాలలేదని చెబితే నా తల దిగుతుందని ఆమె తల వంచుకుంది. నేను పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాను. డాక్టరు నా వైపు తిరిగి, మీరైనా గుర్తు చేయాలి కదా అన్నాడు. చేస్తాను అన్నాను.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి ఆపరేషన్ చేసి, మిగిలిన చూపు మిగిల్చారు. మనుషుల ఆకారాలు తెలుస్తాయి. అక్షరాలు తెలియవు.

ఆ తర్వాతి ఆదివారం అంగట్లో మొదటిసారి ధర అడిగాను. సైదమ్మ తెల్లబోయి చూసింది. చిల్లర చేతిలో పెట్టించుకున్నాను. చెయ్యి కాలినట్టయింది. ఆ తర్వాత నన్ను చూసి ఆమె లేవడం మానేసింది. "ఏం గావాలె సారు" అంటుంది. ఇంటికి వచ్చి మిగిలిన డబ్బంతా వసుమతి చేతిలో పెట్టాను. ఉన్న ధరే చెప్పాను. చెప్పేద్దామనే వచ్చాను. దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. ఆమె నోట్లను వేళ్లతో తడిమి తడిమి చూసుకుంది. ముఖం విప్పారింది.

"ధరలు దిగినయా ఏందండీ?"

"ఆఁ."

"టమాట గూడనా?"

"అన్నీ దిగినయి."

"ఎన్నేండ్లకు. ఇగ నా మందుకు పరేషాన్ లేదు."

అప్పుడు చెప్పాల్సింది. అంత సంతోషంగా ఉన్న ముఖం ముందు ఎలా చెప్పను అనుకున్నాను. అది దయ అనుకున్నాను. దయ కాదు. ఆమెకు అంగడి ధర తెచ్చి చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నమ్మకం కూడా పోతే ఆ ఇంట్లో నేనెవరు? మళ్లీ నా పరువే. ధరలు పెరిగాయన్న అబద్ధం కన్ను తీసుకుంది. దిగాయన్న అబద్ధం మీద రోజూ అన్నం తింటున్నాను.

ఒక్కోసారి ఆమెకు అంతా తెలుసేమో అనిపిస్తుంది. టమాట గూడనా అని అడిగినప్పుడు ఆమె గొంతులో ఏదో ఉందా? డాక్టరు ముందు నన్ను కాపాడినట్టే, నా ముందు కూడా నన్ను కాపాడుతోందా? అడగలేను. తెలియదంటే నేను చెప్పాలి. తెలుసు అంటే ఏం చేయాలో నాకు తెలియదు.

ఇది ఆదివారం మధ్యాహ్నం. పక్క గదిలో వసుమతి టమాటాలను వేళ్లతో నొక్కి చూస్తూ పండినవి, పచ్చివి వేరు చేస్తోంది. ఏం రాస్తున్నారు అని ఇందాక అడిగింది. మిల్లు పని అన్నాను. ఇంకొక అబద్ధం. దీన్ని ఆమె చదవలేదు. చదవలేని మనిషి పక్కన కూర్చుని ఒప్పుకోవడం ఒప్పుకోవడమేనా? మీరు నన్ను క్షమించకండి. మీ చేతుల్లో లేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి, ఇది నా నోటి నుంచి కాకపోయినా చేతి నుంచి బయటికి వచ్చింది. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతవరకే.

కుడి కంటికి జీవితాంతం చుక్కలు వేయాలి. పోయిన నెల ఇంట్లో మిగిలిన ఇత్తడి సంచిలో వేసుకుని, నన్ను ఎవరూ గుర్తుపట్టని సూర్యాపేట వెళ్లాను. కోదాడలో అమ్మలేకపోయాను. అమ్మినవి మా తాత మానికలు. పాత సామాన్ల దుకాణంవాడు పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి ఒకే కాంటా మీద పెట్టి తూచాడు.