తలుపుకు ఎన్నడూ అడ్డం కూర్చోని మా సరోజనక్క

నిన్న పొద్దున పాల్వంచలో బస్సెక్కుతుంటే ఫోన్ వచ్చింది. సరోజనక్క ఇక లేదట.

ఏ సరోజనక్క అని అడిగాను. నాకు తెలిసిన సరోజనక్క ఒక్కతే, అయినా అడిగాను.

గుండెపోటు. దవాఖానాకు తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది.

బస్సు దిగి అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఫోన్ తెరిస్తే మా స్కూల్ గ్రూపులో అప్పటికే పూలు, దండాలు. "గొప్ప టీచర్." "తీరని లోటు."

ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది. అందుకే ఈ పోస్ట్.

బతికున్నప్పుడు ఆమెను "గారాబం టీచర్" అని వెక్కిరించింది ఎవరు? మీరే కదా.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఒక హాస్టల్ స్కూల్లో అక్క తెలుగు చెప్పేది, నేను మ్యాథ్స్ చెప్తాను.

ఆమె క్లాసులో ఒక మూల ఎప్పుడూ అడ్డాకుల కట్ట ఉండేది. మా వైపు విస్తళ్ళు కుట్టే ఆకులు అవి. ఇక్కడి గూడేల పిల్లలకు ఆ పని చిన్నప్పటి నుంచే చేతికి అలవాటు.

ఏ పిల్ల అయినా కోపంతో ఊగిపోతున్నా, ఏడ్చి ఏడ్చి ఊపిరి అందకపోయినా, అక్క వెళ్ళి నేల మీద కూర్చునేది. ఎదురుగా కాదు, పక్కన. మొహంలోకి చూసేది కాదు. రెండు ఆకులు తీసి పుల్లతో కుట్టడం మొదలుపెట్టేది.

కాసేపటికి ఆ పిల్ల కూడా ఒక ఆకు అందుకునేది.

ఇద్దరు కొట్టుకుంటే ముందు విడివిడిగా కూర్చోబెట్టేది. కుదుటపడ్డాక ఇద్దరికీ కలిపి ఒకే విస్తరి. ఒకరు ఆకు పట్టుకోవాలి, ఒకరు పుల్ల గుచ్చాలి. అది పూర్తయ్యాకే గొడవ సంగతి. అప్పటికి ఒకరి మాటకు ఒకరు అడ్డు రాకుండా వాళ్ళే చెప్పేవాళ్ళు.

నేను చేరిన కొత్తలో నాతో అంది: "భయపడ్డ పిల్లను ఎందుకు చేసినవ్ అని అడగకు. ఎందుకో దానికే తెల్వదు. ముందుగాల నీ గొంతు దించు. తలుపుకు అడ్డం కూసోకు, పొయ్యే దారి దానికి కనపడాలె."

మీరు గారాబం అన్నది దీన్నే.

మణి అనే పిల్ల ఉండేది. అసలు పేరు రాయను. ఇంట్లో నాన్న అమ్మను కొడుతుంటే చూస్తూ పెరిగింది. మగ గొంతు పెద్దదైతే చాలు, బెంచీ కిందికి దూరేది. ఒకసారి గేమ్స్ సార్ చెయ్యి పట్టి బయటికి లాగితే కరిచింది.

కరుస్తుంది మరి. ఆ నిమిషంలో దానికి కనిపించింది సార్ కాదు.

అక్క వచ్చి ఆ బెంచీ పక్కన కూర్చుని ఆకులు కుట్టింది. లంచ్ బెల్ కొట్టాక మణి తనే బయటికి వచ్చింది. తనే సార్ దగ్గరికి వెళ్ళి "నొస్తుందా సార్" అని అడిగింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్‌కు ఒక ఆఫీసర్ వచ్చాడు. అక్క క్లాసులో ఇద్దరు పిల్లల చేతుల్లో ఆకులు చూశాడు.

"పిల్లలతోటి విస్తళ్ళు కుట్టిపిస్తున్నరా? ఇది బడా, కార్ఖానానా?"

ఫోటో తీసుకున్నాడు. పిల్లలతో పని చేయిస్తోందని రిపోర్ట్ రాశాడు. పక్కనే ఉన్న హెచ్ఎం సార్ "నాకు తెల్వదు సార్" అన్నారట. గొడవపడ్డ పిల్లల్ని అక్క క్లాసుకు పంపింది ఈయనే.

ఆ రోజు నేను ఖమ్మంలో ట్రైనింగ్‌లో ఉన్నాను. దేని మీదో తెలుసా? భయంలో ఉన్న పిల్లలతో ఎలా మెలగాలి అనే దాని మీద. స్లైడ్లు చూపించారు, బిర్యానీ పెట్టారు. అక్కడ స్లైడ్లలో ఉన్నదే ఇక్కడ రోజూ చేస్తున్న మనిషిని వైరా వైపు బదిలీ చేసి పారేశారు.

ఆకుల కట్ట చెత్తలోకి పోయింది. మళ్ళీ బెంచీ కిందికి దూరిందని మణిని వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. కొన్నాళ్ళకు అది బడి మానేసింది.

అక్క మాత్రం దాన్ని వదల్లేదు. ఆదివారాలు బస్సులు మారి ఆ గూడెం వెళ్ళేది. వాళ్ళమ్మతో కలిసి ఆకులు కుట్టి వచ్చేది. బడి మాటే ఎత్తేది కాదు.

మొన్న ఆదివారం నాకు ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"పిల్ల తనంతట తనే అన్నదే, రేపు కాదు, ఆ వచ్చే సోమారం బడికొస్తనని. నువ్వు గేటు కాడ ఉండు. ఎవ్వల్ని ఏం అడగనియ్యకు."

"అట్లనే అక్కా" అన్నాను.

ఆ సోమవారం చూడకుండానే పోయింది.

ఈ పొద్దున అంత్యక్రియలకు మణి, వాళ్ళమ్మ వచ్చారు. అంతమందిలో గేమ్స్ సార్ గట్టిగా అడిగారు. "ఏందే, బడికెందుకు వస్తలేవ్?"

శవం ముందు. సిగ్గుండాలి.

మణి షామియానా మూల కుర్చీల వెనక్కి వెళ్ళి ముడుచుకుపోయింది. నేను వెళ్ళి పక్కన కింద కూర్చున్నా, దారి వదిలి. ఆకులు లేవు. దండలు కట్టగా మిగిలిన బంతిపూలు, దారం ఉంటే గుచ్చడం మొదలుపెట్టా.

చాలాసేపటికి మణి ఒక పువ్వు అందించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"టీచర్, బడిల నా కంచం ఉన్నదా ఇంక?"

"ఉన్నది బిడ్డా."

మధ్యాహ్నం వెళ్ళి స్టోర్ రూమ్ అంతా వెతికాను. దొరికింది. అంచు మీద పిల్ల పేరు చెక్కి ఉంది. తోమి పెట్టాను.

హెచ్ఎం సార్, గేమ్స్ సార్, మీరిద్దరూ ఇది చదువుతారని తెలుసు. సంతాప సభ పెడతామని గ్రూపులో రాశారు. ఫ్లెక్సీ వద్దు, స్పీచులు వద్దు. సోమవారం ఆ పిల్ల గేటు దాటి లోపలికి వస్తే, ఎందుకు మానేశావని అడగకండి. అంతే చాలు.

అడిగారో, నాతో మాట్లాడాల్సి వస్తుంది. అప్పుడు నేను గొంతు దించను.

అక్కా, గేటు దగ్గర నేనుంటా. నువ్వు బెంగపడకు.

ఎన్ని ఏడుపులు ఆపావో. నీకు చల్లగా, ప్రశాంతంగా ఉండాలి అక్కడ.