అవ్వ కుట్టిన సేనాపతి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. వయసు పందొమ్మిది. కోయంబత్తూరులో ఒక అరటికాయల మండీ మీద అద్దె గది, ఆ గదిలో ప్రతి ఆదివారం కూడే మా వాదసభ. సభ్యులం ఏడుగురం, అధ్యక్షుణ్ణి నేను. చచ్చినవాడికి పెట్టిన పిండం ఎవరి కడుపులోకి పోతుంది, దయ్యానికి నీడ లేకపోతే బరువెలా ఉంటుంది, గ్రహణానికీ గర్భిణికీ ఏమిటి సంబంధం అని అరవంలో మొదలుపెట్టి, వేడెక్కాక తెలుగులోకి దిగి, గొంతులు బొంగురుపోయాక తీర్మానం చేసేవాళ్ళం. తీర్మానాలన్నీ ఏడుకు సున్నా. (ఎదురువాదం చేసేవాడు ఎవడూ ఆ మెట్లెక్కి రాలేదు. మా వాదానికి భయపడి రాలేదనుకునేవాళ్ళం. మెట్లు బాగాలేకపోవడం వల్ల కావచ్చునని నాకు నలభై దాటాక తోచింది.)

పొట్టకూటికి ఒక జర్మను పాదిరి దగ్గర మున్షీగా ఉండేవాణ్ణి. ఆయన అచ్చువేసే చిన్న పుస్తకాల్లో అరవమూ తెలుగూ దిద్దాలి. చేరిన మొదటిరోజే, రోషం ఆపుకోలేక, "నేను మా దేవుళ్ళనే నమ్మను, మీ దేవుణ్ణి కూడా నమ్మను" అని చెప్పేశాను. ఆయన నా మొహం చూసి, "గుండీలను నమ్ముతావా?" అని అడిగాడు. నమ్ముతానన్నాను. కొలువు దొరికింది.

ఆయన అసలు జీవితం గుండీలే. మా తాతల కాలంలో కంపెనీవాళ్ళు మైసూరు నవాబుతో తలపడినప్పుడు సొంత పటాలాలు చాలక, హనోవరు అనే జర్మను సీమ నుంచి పటాలాలు తెప్పించారు. అప్పట్లో ఇంగ్లీషు రాజే ఆ సీమకూ ప్రభువు. వాళ్ళూ ఎర్రకోట్లే తొడిగారు కనుక మనవాళ్ళు అందరినీ కలిపి "దొరలు" అనేసి ఊరుకున్నారు. పాదిరి ఊరుకోలేదు. ఆయన తాత తమ్ముడొకడు ఆ పటాలంలో వచ్చి తిరిగి పోలేదట. ఉత్తరం లేదు, సమాధి లేదు. అందుకని ఆయన ఈ దక్షిణదేశమంతా జర్మను సిపాయిల ఆనవాళ్ళు వెతికేవాడు. పాతబట్టల మూటలు విప్పించేవాడు. మేలూరులో వీధినాటకం ఆడుతుంటే దుర్యోధనుడి ఒంటిమీద కోటు చూసి, ఆట ఆపించి, వెనక్కి తిప్పి, గుండీలు పరీక్షించాడు. (దుర్యోధనుడు తొడ విరగకముందే ఏడ్చాడు.) గుండీ ముందు చూడగూడదు, వెనక చూడాలని నాకు నేర్పింది ఆయనే. తగరం ఏది, ఇత్తడి ఏది, చేతిమడత మీద పట్టీ ఏ రంగయితే ఏ పటాలం, టోపీ రేకు మీద దూకే గుర్రం ఎవరి గుర్తు, అన్నీ నేర్పాడు. ఇంగ్లీషు అధికారి నడుముకు ముదురెరుపు పట్టుగుడ్డ కడితే, హనోవరు అధికారి పసుపుపచ్చది కడతాడన్న పాఠం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆరు నెలల్లో నేను ఆయనకంటే గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాను.

అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకనాడు నోరు జారాను. మా ఇంట్లో ఒక ఎర్రకోటు ఉందన్నాను.

మా ఊరు ఉడుమలైపేట పక్కన. మా ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆశ తీరకుండా ఇంట్లో ప్రాణం వదిలినవాళ్ళ బట్ట ఒకటి పెట్టెలో దాచి, ఏడాదికొకసారి, అరవ ఆషాఢమైన ఆడినెలలో తీసి పూజిస్తారు. పెట్టె తెరిచే గదిలోకి ఆడవాళ్ళే పోవాలి, మగవాళ్ళు వాకిట్లో ఉండాలి. చిన్నప్పుడు తలుపు సందులోంచి ఆ ఎరుపు ఒకసారి చూశాను, అంతే. మగవాళ్ళం వాకిట్లో కూర్చుని దాని కథ చెప్పుకునేవాళ్ళం. మా ముత్తాత యుద్ధంలో ఒక దొరను గుర్రం మీంచి లాగి, ఒంటి మీది కోటు ఒలిచి తెచ్చాడని ఆ కథ. ప్రతి ఏడూ గుర్రం కొంచెం ఎత్తు పెరిగేది.

పాదిరి కళ్ళలోని ఆశ చూడలేక, తెస్తానని మాటిచ్చాను. మాసి పున్నమికి, అంటే మాఘంలో, ఊరెళ్ళి, అందరూ పక్కూరి పెళ్ళికి పోయిన పట్టపగలు పెట్టె తెరిచి, కోటు తీసి, చోటు ఖాళీగా కనిపించకుండా ఒక ఎర్ర కంబళి మడిచి పెట్టాను. ఆడి దాకా ఎవరూ తెరవరని నా లెక్క. దొంగతనం అనే మాట నా మనసులోకి రాలేదు. మూఢత్వపు చీకట్లోంచి చరిత్రను వెలుగులోకి తెస్తున్నాననుకున్నాను. (దొంగలందరికీ ఇలాంటి మాట ఒకటి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో!)

కోటు బల్లమీద పరిచాక పాదిరి కూర్చోలేకపోయాడు. గుండీలు నలభై ఒకటి! రెండు వరుసల్లో ఉండవలసినవి ఐదు వరుసల్లో ఉన్నాయి. తగరం, ఇత్తడి, శంఖం, చివరికి కొబ్బరిచిప్ప గుండీ ఒకటి. భుజాల మీద ఎర్రా తెల్లా దారాల కుచ్చులు. నడుముకు కలిపి కుట్టిన పసుపుపచ్చ గుడ్డ. చేతిమడత పట్టీ మాత్రం హనోవరు పటాలం రంగే. ఎడమ రొమ్ము మీద ఎనిమిది కొమ్మల ఇత్తడి నక్షత్రం, మధ్యలో ఎర్ర గాజు. ఇలాంటి హోదా ఏ పటాలంలోనూ లేదని ఆయన గొణిగాడు. "లేకపోవడం కాదు, మనకు తెలియకపోవడం" అని నేను సరిదిద్దాను. రకరకాల గుండీలున్నాయి కనుక ఇతడు రకరకాల పటాలాలను ఏలిన సేనాపతి అయి ఉండాలి. కొబ్బరిచిప్ప గుండీని బట్టి, ముట్టడిలో తగరం దొరకని రోజుల్లో సైతం క్రమశిక్షణ తప్పనివాడు. నక్షత్రం ఏదో రాజవంశపు బిరుదు. పసుపుపచ్చ గుడ్డ రంగు ఆయన వేలికి అంటుకుంటే, పాత పట్టు రంగు వదులుతుందన్నాను. దాని వాసన చూడాలని నాకు తోచలేదు. పసుపుకొమ్ములు ఆరబోసిన వాకిట్లో పెరిగినవాణ్ణి!

పాదిరి, పాత పటాలాల వస్తువులు దాచిపెట్టే తమ రాజుగారి ఆయుధశాలకు పదహారు పుటల ఉత్తరం రాశాడు. అందులో నాలుగు పుటలు నక్షత్రం మీదే, ఆ నాలుగూ నావే. కోటును కర్పూరం వేసి కట్టి, శుక్రవారం మద్రాసు బండిలో పంపాలని నిశ్చయమైంది.

బుధవారం పొద్దున మా అవ్వ వచ్చింది.

మా నైనను పెంచి, నన్ను పెంచిన అవ్వ. ఊరు దాటి ఎరగని మనిషి, బండివాణ్ణి ఒక్కణ్ణి తోడు తీసుకుని, పాదిరి ఇంటి వాకిట్లో దిగింది. చంకలో నా కంబళి.

"ఏండా పెద్దమనిషీ, పెట్టెలో కంబళి పెట్టి కోటు ఎత్తుకొస్తివే. చలా నీకు?"

"అవ్వా, ఆడినెల ఇంకా రాలేదు గదా..."

"ఆడి రాలా. నీ చెల్లెలికి తొమ్మిదో నెల వచ్చె. మొదటి కాన్పు అట్లా అయిపోయె గదా, దానికి రేయీ పగలూ భయం. తొమ్మిదో నెల్లో ఆ కోటుకి గుండీ కుట్టేది మనింట్లో వాడిక. పెట్టె తీస్తే కంబళి! గుండీ దేనికి కుట్టేదిరా, కంబళికా?"

"అది ఉత్త మూఢనమ్మకం అవ్వా" అని నిలదొక్కుకున్నాను. "ఆ కోటు ఎవరిదో తెలుసా? జర్మను సేనాపతిది. లెక్కలేని పటాలాలు ఏలిన దొరది."

అవ్వ నా వంక చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో పావం, ఆ బిడ్డ! బతికినన్నాళ్ళూ ఎవుడూ అట్లా అనింటే గదా. ఒరే అబ్బయ్యా, వాడికి మీసం కూడా రాలేదంట. మా అత్త చెప్పేది. పటాలం పోతా పోతా, కడుపుజబ్బుతో నడవలేడని మన ఎద్దుల కొట్టంలో పడేసి పోయినారంట. ఆయమ్మ పదకొండు నాళ్ళు గంజి పోసింది. వాడి మాట ఈమెకి తెలీదు, ఈమె మాట వాడికి తెలీదు. కడాన ఒకనాడు కోటు తీసి ఆయమ్మ చేతికిచ్చి, గుండీ ఊడిన చోట వేలు పెట్టి చూపించినాడంట, కుట్టమని. ఆయమ్మ లోనికి పోయి సూది తెచ్చేలోపల పాణం పోయె."

"మరి ముత్తాత? యుద్ధం? గుర్రం?"

"మీ ముత్తాతా? పటాలం వస్తాందంటే కంబుగింజల గాదెలో దాంకున్నాడు. దగ్గు వచ్చి దొరికిపోయినాడు, అదీ ఆయమ్మకే."

పాదిరి గడపలో నిలబడి ఉన్నాడు. ఏమంటున్నదని నన్ను అడిగాడు. నేను ప్రతి ముక్కా అరవంలో చెప్పవలసి వచ్చింది. (తన తీర్పును తానే తర్జుమా చేసుకునే ముద్దాయి మరొకడు ఉండడు.) ఆయన లోపలికి పోయి, కర్పూరపు మూట విప్పి, కోటు తెచ్చి అవ్వ ఒడిలో పెట్టాడు.

"చూడు సామీ" అని అవ్వ ఆయనకు తెలుగులోనే చెప్పసాగింది, ఆయనకు అర్థం కావాలన్న పట్టింపు లేకుండా. "ఈ శంఖం గుండీ మా అత్త మొదట కుట్టింది, అదే ఊడిన చోట. ఆ బిడ్డ అడిగింది ఒక్క గుండీయే గదా, అది కూడా చూడకనే పోయెనే అని, మనింట్లో ఎవరికి ఆపద వచ్చినా వాడికి ఒక గుండీ కుట్టేది. ఇది వీళ్ళ నైన పుట్టినప్పుడు. ఇది మా చిన్నోణ్ణి పాము కరిచినప్పుడు. కొబ్బరిచిప్పది కరువేడు, ఇంట్లో ఇంకేమీ లేకపోయె. ఈ పసుపుగుడ్డ మా కోడలు మొక్కుకున్నది. కుచ్చులు ఎద్దు కొమ్ములవి."

నేను నక్షత్రం వైపు చూడకుండా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

"ఇది నీదిరా" అంది అవ్వ, దానిమీద వేలు పెట్టి. "నాలుగేళ్ళప్పుడు అమ్మోరు పోసి కన్ను తెరవకుండా పడుంటివి. ఒక గుండీ చాలదనిపించె. కోడె నుదుటి బిళ్ళ ఊడబెరికి కుట్టినా. మీ తాత తిట్టినాడు, కోడెకి దిష్టి తగులుతుందని. తగలనీ అన్నా."

నా నాలుగు పుటల రాజవంశం అక్కడితో అంతరించింది.

పాదిరి, ఆ కుర్రవాడు తమ దేశంవాడని, కోటు అక్కడికి చేరితే బాగుండునని తనకు ఆశగా ఉందని, కాని అడిగే హక్కు లేదని అన్నాడు. నేను తర్జుమా చేశాను. అవ్వ కోటును ఒకసారి నిమిరింది. తరువాత అంది:

"బిడ్డ వాళ్ళవాడే. అక్కడ ఎవరన్నా అక్కాచెల్లెళ్ళ పిల్లకాయలు ఉంటారు. తీసుకోమను. మేము కుట్టినవి మటుకు విప్పుకొని పోతా. నీ చెల్లెలికి చూపించాల."

రొండిలోంచి చిన్న కత్తి తీసి, అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క దారమే తెంపడం మొదలుపెట్టింది. ప్రతి గుండీకీ ఒక పేరు చెప్పి కొంగులో వేసుకుంది. కొన్ని పేర్లు నేను ఎప్పుడూ వినలేదు. పుట్టి నెల తిరగకుండా పోయినవాళ్ళవట.

మధ్యాహ్నానికి అరుగు మీద మిగిలింది ఒక చిన్న కోటు. అంత చిన్నదని అప్పటిదాకా మాకు తెలియలేదు. భుజాలు ఇరుకు. నాకైతే పట్టదు. తగరపు గుండీలు ఏడో ఎనిమిదో, మామూలు సిపాయివి. పాదిరి మెడపట్టీ తిప్పి లోపల పేరేమైనా ఉందేమో చూశాడు. చిమ్మటలు తినేశాయి. "మా తాత తమ్ముడు కావచ్చు. కాకపోవచ్చు" అన్నాడు. గుండీ చూసి మనిషిని చెప్పడం నేర్పిన ఆయన ముందు నేను తల వంచుకుని నిలబడ్డాను.

ఆయన లోపలికి పోయి ఆ పదహారు పుటలూ చింపేశాడు. చింపిన చప్పుడు మాకు వినిపించింది. తిరిగి వచ్చి కోటు మడిచి అవ్వ చేతికిచ్చాడు. ఆయుధశాలలో వీడు ఒక్కడే ఉంటాడని, ఇక్కడ ముప్పైమందికి పైగా ఉన్నారని చెప్పమన్నాడు. మరో చేతిలో తను ఏరి దాచుకున్న పళ్ళెంలోని గుండీ ఒకటి ఉంది. అసలైన హనోవరు గుండీ. ఏడేళ్ళు వెతికితే అలాంటివి మూడు దొరికాయి ఆయనకు. "మీ మనవరాలి కోసం" అన్నాడు.

అవ్వ దాన్ని కళ్ళకద్దుకుంది. వెంటనే నా వైపు తిరిగింది. "సరి, కూచోరా. తెంపేదానికి చెయ్యి చాలు, కుట్టేదానికి కండ్లు కావాల. నాకు లేవు."

"నేనా? గుండీలా?"

"ఎత్తుకొచ్చినోడే కుట్టాల."

రెండు రోజులు కుట్టాను. పాదిరి అరుగు మీద, వీధికి ఎదురుగా. సూది వేలిలో దిగినప్పుడల్లా అవ్వ "అమ్మోరు తల్లీ" అనేది, నేను "అమ్మోరు లేదు" అనేవాణ్ణి. వాదసభ సభ్యులు ఆరుగురూ వచ్చి, తమ అధ్యక్షుడు పట్టపగలు మొక్కుబడి గుండీలు కుడుతున్నాడని కళ్ళారా చూసి, ఆదివారం నన్ను తొలగించారు. తీర్మానం ఆరుకు ఒకటి. మా సభ చరిత్రలో మొదటి ఎదురు ఓటు అది.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. అది మంత్రసాని చేతి నేర్పే తప్ప గుండీ మహిమ కాదని ఆ రోజే అన్నాను, ఇప్పటికీ అచ్చులో వాదిస్తున్నాను. ఎవరైనా ఎదురువాదానికి రాదలిస్తే రావచ్చు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆడినెలలో పెట్టె తెరిచినప్పుడు మగవాళ్ళు ఈనాటికీ వాకిట్లోనే ఉంటారు, నేను తప్ప. నాకు అనుమతి దొరికింది భక్తి వల్ల కాదు. ఆ రెండు రోజుల్లో నేను కుట్టిన కుట్లు ఎంత అధ్వాన్నమంటే, ఏటా రెండో మూడో గుండీలు ఊడిపోతాయి. "తాతా, మళ్ళీ ఊడినాయి, రాండి" అని లోపలి నుంచి పిల్లలు కేకేస్తారు. వెళతాను. దండం పెట్టను. కళ్ళజోడు తగిలించుకుని, కోటు ఒడిలో వేసుకుని, ఒక్కొక్క గుండీ పట్టి లాగి చూస్తాను, ఏది ఎవరిదో అడుగుతాను. మా చెల్లెలి మనవరాళ్ళు తడుముకోకుండా చెబుతారు. ఆ పందొమ్మిదేళ్ళవాడు ఇప్పుడు తలుపు సందులోంచి చూస్తే, నామీద ఎంత చక్కని తీర్మానం రాసేవాడో! వాడి వాదంలో తప్పేమీ ఉండదు. కాని వాణ్ణి కూడా లోపలికి పిలిచి, దారం ఎక్కించి ఇమ్మనాలనిపిస్తుంది. నాకూ ఇప్పుడు సూదిబెజ్జం కనపడడం లేదు.