తలుపు బయట నిలబడే దూరం

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో నాకు చిలమత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగుల పెంపకం నేర్పే ఉద్యోగం. ఇల్లేమో అనంతపురంలో. పని ముగిసేసరికి వెనక్కి వెళ్ళే బస్సు ఉండేది కాదు. అలాంటప్పుడు హిందూపురం బస్టాండు పక్కనున్న లాడ్జిలో దిగక తప్పేది కాదు.

ఆ మెట్లెక్కుతుంటేనే నాకు ఒళ్ళు బిగుసుకుపోయేది. కౌంటరు దగ్గరి గుమాస్తా నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగిచూసి, మగవాళ్ళెవరూ రాలేదా అని అడిగేవాడు. ఆఫీసు పని మీద వచ్చానంటే పక్కన టీ తాగుతున్నవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. గదిలోకి వెళ్ళాక ఇంకో బాధ. గదులు చూసుకునే పెద్దాయన, గడ్డం నెరిసిన ముస్లిం, తలుపు తట్టిన చేత్తోనే తోసుకుని లోపలికి వచ్చేవాడు. నీళ్ళు కావాలా అని ఒకసారి, ఫ్యాను తిరుగుతోందా అని ఇంకోసారి. గడియ సరిగా పడేది కాదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి మంచం అంచున కూర్చునేదాన్ని. వరండాలో చెప్పుల చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని.

ఒక వేసవిలో ఆ లాడ్జికి కొత్త మేనేజరు వచ్చింది. బెంగళూరులో పెద్ద హోటల్లో పనిచేసి, తల్లికి ఒంట్లో బాగాలేక సొంతూరికి తిరిగొచ్చిన మనిషి. ఒక పొద్దున పలకరించడానికి వచ్చి, నేను తలుపు తీసేముందు కుర్చీ ఈడ్చిన చప్పుడు విన్నది. ఏమిటని అడగలేదు. పనివాళ్ళకు శిక్షణ ఇస్తున్నానని, వాళ్ళ ముందుకొచ్చి ఇక్కడ ఉండటం నాకు ఎలా అనిపిస్తుందో చెప్పమని మాత్రం కోరింది. నాకు మనసొప్పలేదు. చెప్పాక మళ్ళీ దిగవలసింది ఇక్కడే కదా. అయినా వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఆమె గుమాస్తాను ఒక గదిలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళను ఇష్టమొచ్చినప్పుడల్లా లోపలికి పంపుతోంది. కాసేపటికి అతను విసుక్కుంటూ బయటికొచ్చి, ఒక్క నిమిషం కుదురుగా కూర్చోనివ్వలేదని ఫిర్యాదు చేశాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వకుండా నన్ను పిలిచింది.

అందరూ బెంచీల మీద కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు గానీ కూర్చోలేకపోయాను. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, కౌంటరు దగ్గరి ప్రశ్న సంగతీ, తట్టి తోసుకురావడం సంగతీ, పడని గడియ, తలుపుకు అడ్డం పెట్టుకునే కుర్చీ సంగతీ చెప్పాను. గుమాస్తా తల దించుకున్నాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"నీకు బయం పుట్టిచ్చినానామ్మా నేను?" అన్నాడు. "ఆ వరండాలో తాగి తిరిగేటోళ్ళు ఉంటారు. ఒంటి ఆడమనిషి, ఎట్లుండాదో ఏమో అని వచ్చి చూసేవాణ్ణి."

ఆయన మాట నమ్మాను. నా భయమూ అబద్ధం కాదు.

"నువ్వు కాపలా కాస్తాండావని లోపల ఉండే ఆమెకు ఎట్ల తెలుస్తాదన్నా?" అని అడిగింది మేనేజరు.

అప్పటికప్పుడు నన్ను ఒక గదిలోకి పంపి తలుపు వేయించింది. ఆయన తట్టి ఆగాడు. ఈసారి తోయలేదు. నేను తీస్తే సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉన్నాడు. నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను.

"చూడన్నా, ఆమె కాళ్ళు చూడు" అంది మేనేజరు మెల్లగా.

మళ్ళీ తలుపు మూశాం. ఈసారి తట్టిన చప్పుడు తర్వాత, దూరం నుంచి, "నేనమ్మా, నీళ్ళు తెచ్చినా" అని వినిపించింది. తీసి చూస్తే గడప దగ్గర నీళ్ళ జగ్గు ఉంది. ఆయన మెట్ల దగ్గర గోడకు ఆనుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడెట్లుండాదని అటు చూస్తూనే అడిగాడు. బాగుందన్నాను.

ఆ తర్వాత గడియ బాగుచేయించారు. గుమాస్తాకు పాత ప్రశ్న నోటిదాకా వచ్చేది. దాన్ని మింగి భోజనమైందా అని అడిగేవాడు. నా కంగారు మాత్రం ఒక్కరోజులో పోలేదు. చెప్పుల చప్పుడుకు ఇంకా లేస్తూనే ఉన్నాను. చాలాసార్లు దిగాక, ఒక సాయంత్రం పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయాను. లేచి చూసుకుంటే నాకే ఆశ్చర్యం.

తర్వాతి ఏడాది నన్ను వేరే పల్లెలకు మార్చారు. అక్కడికి దగ్గరి ఊళ్ళో లాడ్జి అతను దుప్పటి పట్టుకుని, తట్టీ తట్టకముందే లోపలికొచ్చాడు. బయటికి వెళ్ళి, దూరంగా నిలబడి పిలవమన్నాను. "ఏమప్పా, ఈమె ఇట్లుండాది" అని గొణుక్కుంటూ దుప్పటి మంచం మీద పడేసి వెళ్ళిపోయాడు. చీకటిపడేదాకా నేను కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.