తిప్పనా?

ఉమాశ్రీకి ఉద్యోగం గచ్చిబౌలిలో, అద్దె ఇల్లు మణికొండలో, ప్రాణమంతా దుర్గం చెరువులో. అక్క ఉదయశ్రీ, తను విశాఖ నుంచి వచ్చినవాళ్లు. ఆదివారం ఊరంతా మాల్స్ మీద పడితే, వీళ్లు క్లబ్బులో తెరచాప పడవ ఎక్కేవారు. ఇద్దరు నడిపే చిన్న పడవ. అడుగున సీసం దిమ్మ ఉంటుంది కాబట్టి ఎంత ఒరిగినా బోర్లాపడదు. క్లబ్బులో అలాంటివి ఆరున్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. పందెంలో ఓడితే పడవను తిట్టుకునే వీల్లేదు, అదీ తమాషా.

చుక్కాని అక్కది, తెరతాళ్లు చెల్లెలివి. మలుపు తిప్పేముందు చుక్కాని పట్టినవాళ్లు అడగాలి, తాళ్లు పట్టినవాళ్లు జవాబు చెప్పాలి. జవాబు రాకుండా తిప్పితే తెర కింది దూలం వచ్చి తల పగలగొడుతుంది.

"ఉమా, తిప్పనా?"

"తిప్పక్కా."

ఇంట్లో దోసె తిరగేయడానికి కూడా ఇవే మాటలు.

పోయిన వానాకాలం ఉదయశ్రీకి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి రోజు, జ్వరం మగతలో కళ్లు తెరవకుండానే అడిగింది, "ఉమా, తిప్పనా?" అని. ఉమాశ్రీ జవాబు చెప్పలేదు. తిప్పమంటే అక్క వెళ్లిపోతుందనిపించింది. ఆ సాయంత్రమే అక్క పోయింది.

ఆ తర్వాత ఉమాశ్రీ చుక్కాని పట్టి ఒంటరిగా తిరిగింది. అన్నిచోట్లా మాట వినే పడవ, కేబుల్ బ్రిడ్జి దాటాక గట్టు రాళ్ల ముందు మొండికేసేది. చుక్కాని కర్రను అవతలినుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉండేది. రాళ్లు మీదికొస్తుంటే తెరలు దింపి, తెడ్డు వేసుకుని బయటపడేది. క్లబ్బువాళ్లు పడవను పైకెత్తి చూసి ఏ లోపమూ లేదన్నారు. నిజమే, అదే అచ్చు పడవలు మిగతా ఐదూ అక్కడ బుద్ధిగా తిరుగుతున్నాయి. రాబోయే పందెంలోనూ ఇలాగే అయితే పడవను వేరేవాళ్లకిచ్చేస్తామన్నారు. అక్క కూర్చున్న చోట ఇంకెవరో కూర్చోవడమా! ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎండ లేని రోజున కూడా ఆ కర్ర అరచేతికి వెచ్చగా తగులుతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పందేనికి ఆఫీసు స్నేహితురాలు రేణుకను తాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. శేరిలింగంపల్లి పిల్ల, భయమంటే తెలియదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. బ్రిడ్జి నీడ దాటుతుంటే పైన కార్ల మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. కార్లు మాత్రం పోతూనే ఉన్నాయి. ఎదురుగా రాళ్లు.

"రేణుకా, తిప్పనా?"

"తిప్పు."

కర్ర కదల్లేదు.

"తిప్పమన్న గదక్కా! మళ్ల మళ్ల అడుగుతవేంది?"

ఉమాశ్రీ కర్రను రెండు చేతులా పట్టుకుంది. "నేను ఒక్కసారే అడిగాను."

"గిప్పుడు గూడ అడిగితివి గదా. 'ఉమా, తిప్పనా' అని." రేణుక గొంతు సన్నబడింది. "నీ పేరు నువ్వే పిలుస్తవా? ఏందక్కా గిది?"

చుక్కాని తన చేతిలో ఉంది కాబట్టి అడగాల్సింది తానే అనుకుంటూ వచ్చింది ఉమాశ్రీ. అడుగుతున్నది అక్క. ఆస్పత్రి మంచం మీది మాటకు ఇంకా జవాబు కోసం కాచుకుని ఉంది. చెబితే అక్క ఇక ఉండదు. చెప్పకపోతే ముందు రాళ్లు, పడవలో రేణుక.

"తిప్పక్కా," అంది ఏడుస్తూ.

కర్ర దానంతటదే తిరిగింది. తెర అవతలికి మారింది. రాళ్లు మూరెడు దూరంలో పక్కనుంచి జారిపోయాయి. పైన కార్ల మోత మళ్లీ వినబడింది.

మలుపు పూర్తయ్యేసరికి ఆమె అరచేతి కింద కర్ర చల్లబడిపోయింది.